అత్యవసర వైద్యసేవల్లో రోగి సంరక్షణ పత్రం: చరిత్ర, భాష, విశ్వసనీయత (నెల్లూరు తీరప్రాంత నేపథ్యం)

వ్యాససంగ్రహం:

రోగిని ఆసుపత్రికి చేర్చే అంబులెన్సు సిబ్బంది దారిలో నింపే రోగి సంరక్షణ పత్రం సాధారణంగా పరిపాలనకు సంబంధించిన కాగితంగానే పరిగణన పొందుతోంది. దానిని ఒక వచన ప్రక్రియగా, చారిత్రక ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. కోరమాండల్ తీరంలో పాముకాటు గురించిన తొలి నమోదులు, మద్రాసు రాజధాని కాలపు మరణ రిజిస్టర్లు, 2005లో మొదలైన 108 సేవ అనే మూడు దశలను ఇందులో చర్చించాను. రోగి పలికిన తెలుగు మాట, సిబ్బంది కంటితో చూసిన లక్షణం, వారు చేసిన ఊహ అనే మూడింటినీ వేరువేరుగా నిలిపినప్పుడే ఆ పత్రం వైద్యానికీ, న్యాయానికీ, పరిశోధనకూ పనికివస్తుందని ప్రతిపాదిస్తున్నాను.

కీలకపదాలు: 108 సేవ, రోగి సంరక్షణ పత్రం, పాముకాటు, మరణ నమోదు, మరణ వాఙ్మూలం, మాండలికం, నెల్లూరు తీరం, తోటపల్లి గూడూరు.

1. ఉపోద్ఘాతం:

శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లాలో నెల్లూరు నగరానికి తూర్పున, సముద్రతీరంలో ఉన్న మండలం తోటపల్లి గూడూరు. వరి కయ్యలు, రొయ్యల చెరువులు, బకింగ్‌హామ్ కాలువ, కోడూరు తీరం ఈ ప్రాంతపు జీవనానికి ఆనవాళ్లు. వరి కయ్యలో పాము ఉంటుంది. పురుగుమందు డబ్బా ఇంటి చూరులోనో పశువుల కొట్టంలోనో ఉంటుంది. చెరువు గట్టు మీద కరెంటు మోటారు ఉంటుంది. తీరపు రోడ్ల మీద రాత్రివేళ బరువు వాహనాలు తిరుగుతాయి. ఇక్కడ ఆపద వస్తే పెద్దాసుపత్రి కోసం నెల్లూరుకే వెళ్లాలి. ఆ ప్రయాణకాలంలో రోగి దేహంలో జరిగే మార్పులను చూసే సాక్షి అంబులెన్సులోని అత్యవసర వైద్య సాంకేతిక సహాయకుడు ఒక్కడే. వాడుకలో అతనిని ఇ.ఎం.టి. అంటారు. అతను రాసినదే ఆ కాలానికి ఆధారం. రాయనిది తరువాత ఎవరికీ దొరకదు.

తెలుగు పరిశోధనలో శాసనాలు, కైఫీయతులు, దండకవిలెలు, కరణాల లెక్కలు సాహిత్య చరిత్రకూ సామాజిక చరిత్రకూ ఆధారాలుగా గుర్తింపు పొందాయి. అవి కూడా రాసిన నాటికి కార్యాలయ అవసరాల కోసం పుట్టినవే. ఆ వరుసలో రోగి సంరక్షణ పత్రాన్ని కూడా చేర్చి చూడవలసిన అవసరం ఉంది.

2. తీరంలో తొలి నమోదులు:

2.1. పేరు, గడియారం: స్కాట్లాండుకు చెందిన వైద్యుడు పాట్రిక్ రస్సెల్ 1781లో విశాఖపట్నం చేరి, తరువాత ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్తగా పనిచేశాడు. కోరమాండల్ తీరంలో సేకరించిన పాముల గురించి ఆయన రాసిన గ్రంథం 1796లో వెలువడింది. స్థానికులు పలికిన తెలుగు పేర్లను ఆయన తన చెవికి వినిపించినట్లు రోమను లిపిలో రాసుకొన్నాడు. నేడు రస్సెల్ పేరుతోనే ప్రపంచానికి తెలిసిన రక్తపింజరి ఆ గ్రంథంలో ‘కాటుకరేకుల పొడ’ అన్న తెలుగు పేరుతో కనిపిస్తుంది. కట్లపాముల ప్రజాతికి ఉన్న ‘బంగేరస్’ అన్న శాస్త్రీయ నామం ‘బంగారు’ అన్న తెలుగు మాట నుండి వచ్చినదే. కోళ్లను, కుక్కలను పాముచేత కరిపించి, ఎన్ని నిమిషాలకు ఏ లక్షణం కనిపించిందో ఆయన వరుసగా రాశాడు. ఆ ప్రయోగాల క్రూరత్వాన్ని నేడు సమర్థించలేము. అయితే స్థానికుల మాటను చెరపకపోవడం, ప్రతి లక్షణం పక్కన సమయం వేయడం అనే రెండు పద్ధతులు ఈ తీరపు వైద్య నమోదులో అప్పుడే కనిపించాయని గుర్తించాలి.

2.2. మరణ రిజిస్టరు: సామాన్య గ్రామీణుని దేహస్థితి ప్రభుత్వ పుస్తకంలోకి ఎక్కింది మరణం ద్వారానే. 1899 నాటి మద్రాసు జనన మరణాల నమోదు చట్టం ఆ వ్యవస్థకు చట్టరూపం ఇచ్చింది. గ్రామాలలో ఆ పని గ్రామాధికారుల చేతిలో ఉండేది. నమోదు చేసే వ్యక్తి వైద్యుడు కాడు. ఇంటివారు చెప్పినది విని, పట్టికలో ఉన్న గడులలో దేనిలోనో వేసేవాడు. కలరా, మశూచి, జ్వరాలు వంటి కొద్ది గడులలోనే అన్ని మరణాలూ ఇమడాలి. ఆనాటి ఆరోగ్య నివేదికలలో పాముకాటు మరణాలను క్రూరమృగాల వల్ల కలిగిన మరణాలతో ఒకే గడిలో కలిపి చూపడం కూడా ఉంది. ఇంటివారు చెప్పిన కథలో కాటు సమయం, లక్షణాలు, చేసిన చికిత్స అన్నీ ఉండి ఉంటాయి. గడిలోకి మాత్రం ఒక అంకె చేరింది. 1984లో ఆంధ్రప్రదేశ్‌లో వంశపారంపర్య గ్రామాధికారుల వ్యవస్థ రద్దయినా, కథను గడిగా కుదించే అలవాటు పోలేదు.

ఆ కుదింపు వల్ల కలిగిన నష్టానికి ఒక కొలత 2011లో దొరికింది. పది లక్షల మరణాల అధ్యయనంలో భాగంగా వెలువడిన పరిశోధన 2005లో భారతదేశంలో సుమారు 45,900 మంది పాముకాటుతో మరణించి ఉంటారని అంచనా వేసింది. ఆసుపత్రుల ద్వారా ప్రభుత్వం ప్రకటించిన సంఖ్యకు ఇది 30 రెట్లకు పైగా ఎక్కువ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటా సుమారు 5,200. దేశంలో ఇది రెండవ స్థానం. మరణాలలో 97 శాతం గ్రామాలలో జరిగాయి. ఆసుపత్రిలో జరిగినవి 23 శాతమే. ఈ అంచనాకు ఆధారం వైద్యులు కాని సర్వేక్షకులు ఇంటింటికీ వెళ్లి స్థానిక భాషలో రాసుకొన్న కథనాలు. ఇంటివారి మాటలను వారి భాషలోనే రాసి, తరువాత వైద్యులు చదివి కారణాన్ని నిర్ణయించారు. గడిలో చేరక పోగొట్టుకొన్నదానిని కథనం తిరిగి తెచ్చింది.

3. ప్రపంచ నేపథ్యం:

నెపోలియన్ సేనలలో శస్త్రవైద్యుడైన లారే 1790లలో ‘ఎగిరే అంబులెన్సు’లను ఏర్పరచాడు. అయినా అంబులెన్సు చాలాకాలం రోగిని మోసే బండిగానే మిగిలింది. మోసేవానికి రాసే పని లేదు. ఈ స్థితిని మార్చిన ప్రయత్నాలలో అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరంలో 1967లో మొదలైన ఫ్రీడమ్ హౌస్ అంబులెన్సు సేవ ముఖ్యమైనది. నిరుద్యోగులైన నల్లజాతి యువకులకు లోతైన శిక్షణనిచ్చి వీధిలోనే చికిత్స చేయించిన సేవ అది. దానికి వైద్య సారథ్యం వహించిన నాన్సీ కారొలిన్ 1979లో వెలువరించిన పాఠ్యగ్రంథం ఈ వృత్తికి ప్రామాణికమైంది. చికిత్స వీధిలోకి రాగానే నమోదు కూడా వీధిలోకి రావలసి వచ్చింది.

ఆ దశాబ్దంలోనే రెండు పరిణామాలు నమోదు స్వరూపాన్ని మార్చాయి. 1968లో లారెన్స్ వీడ్ అనే అమెరికన్ వైద్యుడు రోగి సమస్యల ఆధారంగా వైద్య పత్రం ఉండాలని ప్రతిపాదించాడు. రోగి చెప్పినది, పరీక్షలో కనిపించినది, వైద్యుని అంచనా, చేయదలచినది అన్న నాలుగు భాగాల క్రమం ఆ ఆలోచన నుండి వచ్చినదే. 1974లో గ్లాస్గో నగరంలో టీస్‌డేల్, జెనెట్ రూపొందించిన కోమా స్కేలు రెండవది. ‘సగం స్పృహ’, ‘మత్తుగా ఉన్నాడు’ వంటి మాటలకు బదులుగా కళ్లు తెరవడం, మాట్లాడడం, అవయవాలు కదపడం అన్న మూడింటిని 3 నుండి 15 వరకు అంకెలతో చెప్పే పద్ధతి అది. ఒకరు రాసినది మరొకరికి అదే అర్థంతో చేరాలన్నదే ఈ రెండింటి లక్ష్యం. భాషావేత్తల పరిభాషలో చెప్పాలంటే ఇది అర్థ నిర్దిష్టత సమస్య.

4. 108 సేవ, పత్రం ఆవిర్భావం:

2005 ఆగస్టు 15న హైదరాబాదు కేంద్రంగా 108 సేవ మొదలైంది. సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు కుటుంబం స్థాపించిన అత్యవసర నిర్వహణ పరిశోధన సంస్థ (ఇ.ఎం.ఆర్.ఐ.) ప్రభుత్వ భాగస్వామ్యంతో దీనిని నడిపింది. వైద్యం, పోలీసు, అగ్నిమాపక సేవలకు ఒకే ఉచిత ఫోను సంఖ్య ఉండడం, గ్రామీణునికి అంబులెన్సు ఉచితం కావడం అప్పటికి కొత్త. 2007లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ సహకారంతో అత్యవసర చికిత్సలో ఉన్నత శిక్షణ ప్రారంభమైంది. 2009 జనవరిలో సత్యం ఆర్థిక కుంభకోణం బయటపడిన తరువాత జి.వి.కె. సంస్థ బాధ్యత తీసుకొంది. 2020 జూలై 1న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విజయవాడలో 108, 104 సేవలకు చెందిన 1,088 వాహనాలను ప్రారంభించింది. నిర్వాహకులు మారినా, ప్రయాణంలో పత్రం నింపే విధానం కొనసాగింది.

ఈ వ్యవస్థలో ఒక ఆపద అనేక చేతులు మారుతుంది. ఫోను అందుకొన్నవారు సమయం, స్థలం నమోదు చేస్తారు. ‘పైలట్’ అని పిలిచే డ్రైవరు వాహనం నడుపుతాడు. ఇ.ఎం.టి. రోగిని పరీక్షించి, అవసరమైతే కేంద్రంలోని వైద్యునితో ఫోనులో మాట్లాడి చికిత్స చేస్తాడు. ఆసుపత్రిలో రోగిని అప్పగిస్తాడు. ఈ చేతులన్నింటినీ కలిపే దారం రోగి సంరక్షణ పత్రం. 48 గంటల తరువాత ఫోను చేసి రోగి స్థితి తెలుసుకొనే పద్ధతి కూడా ఇ.ఎం.ఆర్.ఐ.లో ఉండేది. గర్భం చివరి మూడు నెలలలో 108ను పిలిచిన స్త్రీల గురించి అయిదు రాష్ట్రాలలో జరిగిన పరిశోధన 2016లో వెలువడింది. ఇటువంటి పరిశోధనలకు దారి చూపేది క్రమబద్ధమైన నమోదే. మరణానంతరం రాసే రిజిస్టరు నుండి, బతికి ఉండగా, బతికించడం కోసం రాసే పత్రానికి తెలుగు గ్రామం చేరడం ఈ కాలపు ముఖ్య పరిణామం.

5. రోగి మాట, పత్రంలోని మాట:

వైద్య నమోదు ప్రధానంగా ఆంగ్లంలో సాగుతుంది. రోగి, ఇంటివారు మాట్లాడేది తెలుగు. పత్రం నింపే వ్యక్తి ఆ క్షణంలో అనువాదకుడు కూడా అవుతాడు. కదిలే వాహనంలో, చదువరి ఎదుట లేకుండా జరిగే ఈ అనువాదంలో కొన్ని మాటల దగ్గర ప్రమాదం ఎక్కువ.

5.1. మందు: ఔషధం, సారా, పురుగుమందు, తుపాకిలో వేసే పదార్థం అన్నీ తెలుగులో మందే. ‘మందు తాగాడు’ అన్న వాక్యం పొలాల మధ్య ఊరిలో వినిపిస్తే రెండు అర్థాలు ఒకేసారి తలెత్తుతాయి. ఆర్గానోఫాస్ఫేటు విషప్రయోగంలో కంటిపాపలు సూదిమొన వలె కుదించుకుపోతాయి, నోట చొంగ కారుతుంది. ‘మద్యం సేవించాడు’ అని అనువదిస్తే ఆసుపత్రిలో ఆ లక్షణాలకోసం వెదికే దృష్టి మందగిస్తుంది. ఇంటివారి మాటను ఉన్నదున్నట్లు రాసి, డబ్బా మీది పేరు, కంటిపాపల పరిమాణం పక్కనే రాయాలి.

5.2. పురుగు: రాత్రివేళ పాము పేరు పలకకూడదన్న నమ్మకం వల్ల ‘పురుగు ముట్టింది’, ‘పురుగు కరిచింది’ అనడం ఆంధ్రదేశంలో విస్తారంగా ఉంది. వ్యాకరణంలో దీనిని శిష్టోక్తిగా వివరిస్తాం. అంబులెన్సులో ఈ శిష్టోక్తి ప్రాణాంతకం కావచ్చు. ‘కీటకం కాటు’ అన్న గడిలో గుర్తు పడితే రోగి వరుసలో వెనుకబడతాడు.

5.3. గ్యాస్: ఛాతీలో పట్టేసినట్లు ఉండడాన్ని ‘గ్యాస్ నొప్పి’, ‘గుండెల్లో మంట’ అనడం సర్వసాధారణం. ఇది రోగి చేసుకొన్న రోగనిర్ణయం. ఇ.ఎం.టి. రాయవలసింది నొప్పి ఉన్నచోటు, మొదలైన సమయం, చేతికి గాని దవడకు గాని పాకడం, చెమట. ‘గ్యాస్’ అన్న మాటను రోగి మాటగానే కొటేషను గుర్తులలో ఉంచాలి.

5.4. నొప్పులు: ఏకవచనంలో ‘నొప్పి’ బాధ. గర్భిణి విషయంలో బహువచనంలో ‘నొప్పులు’ ప్రసవవేదన. తెలుగు వచన భేదం ఇక్కడ వైద్య సమాచారమే. అనువాదంలో అది పోతే కడుపునొప్పికీ కాన్పుకూ భేదం చెరిగిపోతుంది.

5.5. కాలసూచన: ‘కోడి కూసే వేళ’, ‘పొద్దుగూకినాక’, ‘అన్నాలప్పుడు’ అన్నవి పల్లె కాలమానం. వీటిని విని వెంటనే ఒక అంకె వేయడం తొందరపాటు. ఇంటివారి మాట రాసి, దాని పక్కన ‘సుమారు’ అని అంచనా సమయం వేయాలి. అది కొలిచిన సమయమో, ఊహించిన సమయమో చదువరికి తెలియాలి.

ఈ మాటల వెనుక సామాజిక భేదం కూడా ఉంది. చదువుకొన్న కుటుంబం తమ బాధను ఆంగ్ల వైద్యపదాలలోనే చెప్పగలదు. తీరంలోని పట్టపు మత్స్యకారులు, యానాదులు, వలస కూలీలు తమ మాటలోనే చెబుతారు. అనువాదంలో అర్థం ఎక్కువగా చెదిరేది ఎవరి మాటో వేరుగా చెప్పనవసరం లేదు.

6. మంచి పత్రం లక్షణాలు:

భేదం స్పష్టం కావడానికి ఒక కల్పిత ఉదాహరణను పరిశీలిద్దాం. ఇది ఏ వాస్తవ రోగికీ సంబంధించినది కాదు. నాట్ల కాలంలో కయ్య గట్టు మీద నడుస్తున్న మనిషికి కాలి మీద కాటు పడిందనుకొందాం.

మొదటి విధమైన నమోదు: “పాముకాటు. రోగి పరిస్థితి బాగానే ఉంది. ప్రథమ చికిత్స చేసి ఆసుపత్రికి తరలించాం.”

రెండవ విధమైన నమోదు: “భార్య చెప్పిన మాట: ‘దీపాలు పెట్టే వేళ పురుగు ముట్టింది.’ కాటు సమయం సుమారు 18:40 (అంచనా). పామును ఎవరూ చూడలేదు. 19:25కు చేరేసరికి కుడి పిక్కకు తాడు బిగించి ఉంది. 18:50 ప్రాంతంలో కట్టామన్నారు. మడమపైన రెండు గాట్లు, వాపు లేదు. 19:27: మాట స్పష్టం, కనురెప్పలు మామూలుగా ఉన్నాయి, ఒక్క ఊపిరిలో 22 వరకు లెక్కపెట్టాడు. 19:45: రెండు కనురెప్పలూ వాలుతున్నాయి, 14 వరకు లెక్కపెట్టాడు. కేంద్ర వైద్యునికి 19:46కు తెలియజేశాను. 20:05: 9 వరకు లెక్కపెట్టాడు. 20:12కు ఆసుపత్రిలో అప్పగింత.”

మొదటి దానిలో అబద్ధం లేదు. 19:27కు అతని పరిస్థితి నిజంగానే బాగుంది. కాని ‘బాగానే ఉంది’ అన్నది నిర్ణయమే గాని పరిశీలన కాదు. రెండవదానిలో రోగి క్షీణిస్తున్న వేగం కనిపిస్తుంది. నాడీవ్యవస్థ మీద పనిచేసే విషం శ్వాసకండరాలను చేరుతోందని ఆసుపత్రి వైద్యుడు చదివిన వెంటనే గ్రహిస్తాడు. ఒకే లక్షణాన్ని మూడుసార్లు, సమయంతో సహా కొలవడం వల్లనే అది సాధ్యమైంది. ‘పామును ఎవరూ చూడలేదు’ అన్న అభావ వాక్యం కూడా విలువైనదే. వెదికితే కనబడలేదనడానికీ, వెదకనే లేదనడానికీ భేదాన్ని అది నిలుపుతుంది. దిద్దుబాటు అవసరమైతే ఒక గీత గీసి, పాత మాట కనబడేటట్లు ఉంచి, సమయంతో సంతకం చేయడం ఉత్తమ పద్ధతి. తాళపత్ర లేఖకుల దిద్దుబాట్లను పరిష్కర్తలు గౌరవించినట్లే దీనినీ గౌరవించాలి.

7. న్యాయస్థానంలో పత్రం:

అత్యవసర స్థితిలో చట్టపరమైన లాంఛనాల కంటె ప్రాణరక్షణ ముందని పరమానంద్ కటారా వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1989లో తీర్పు ఇచ్చింది. అయితే ప్రాణరక్షణ సమయంలో పుట్టిన పత్రం తరువాత న్యాయస్థానానికి చేరుతుంది. 1872 నాటి సాక్ష్య చట్టం 32వ సెక్షను మరణించిన వ్యక్తి తన మరణకారణం గురించి చెప్పిన మాటను సాక్ష్యంగా అంగీకరించింది. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో అది 26వ సెక్షను. చెప్పిన వ్యక్తి మానసికంగా స్వస్థుడని నమ్మదగిన సాక్ష్యం ఉంటే, వైద్యుని ధ్రువపత్రం లేనంత మాత్రాన మరణ వాఙ్మూలాన్ని తోసిపుచ్చరాదని 2002లో అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం నిర్ణయించింది.

కాలిన గాయాలతో ఉన్న స్త్రీ దారిలో పలికిన వాక్యం ఒకటే కావచ్చు. ‘స్టవ్ పేలింది’ అన్నదో, ‘నా మీద పోశారు’ అన్నదో, ఆమె పలికిన రూపంలోనే ఉండాలి. ఎవరెవరు పక్కన ఉండగా పలికిందో, అప్పుడు ఆమె స్పృహ ఏ స్థాయిలో ఉందో కూడా రాయాలి. ‘అగ్నిప్రమాదం’ అని సంగ్రహించే అధికారం రాసేవానికి లేదు. ‘పోసుకొంది’, ‘పోశారు’ అన్న క్రియల భేదం మీద ఒక కుటుంబపు భవిష్యత్తు ఆధారపడి ఉంటుంది.

8. ముగింపు:

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి:

1. కోరమాండల్ తీరంలో వైద్య నమోదు స్థానిక పేరుతో, సమయంతో మొదలైంది. మరణ రిజిస్టరు దానిని గడిగా కుదించింది. 108 సేవ బతికి ఉన్న రోగి కథనాన్ని తిరిగి సాధ్యం చేసింది.

2. మంచి పత్రంలో విన్నమాట, చూసిన లక్షణం, చేసిన పని, వేసిన అంచనా కలగాపులగం కావు. వాటిని సమయం వరుసలో నిలుపుతుంది.

3. రోగి తెలుగు మాటను తెలుగు లిపిలోనే ఒక్క వాక్యమైనా రాసే చోటు పత్రంలో, ట్యాబ్‌లో నింపే రూపంలో కూడా ఉండాలి. ఆంగ్ల వివరణ దాని పక్కన రావచ్చు గాని దాని స్థానంలో రాకూడదు.

4. ‘మందు’, ‘పురుగు’, ‘గ్యాస్’, ‘నొప్పులు’ వంటి మాటల ప్రాంతీయ పదకోశాన్ని తెలుగు శాఖలు తయారుచేసి ఇ.ఎం.టి.ల శిక్షణకు అందించవచ్చు. మాండలిక పరిశోధన ప్రాణరక్షణకు నేరుగా ఉపయోగపడే సందర్భం ఇది.

5. 2030 నాటికి పాముకాటు మరణాలను సగానికి తగ్గించాలన్న జాతీయ కార్యాచరణ ప్రణాళికను కేంద్రప్రభుత్వం 2024 మార్చిలో ప్రకటించింది. ఆ లక్ష్యం నెరవేరిందో లేదో చెప్పవలసినది నమోదులే. రోగుల పేర్లు, గుర్తింపు వివరాలు తొలగించి, గోప్యతను కాపాడుతూ వాటిని పరిశోధకులకు అందుబాటులో ఉంచే విధానం అవసరం.

తోటపల్లి గూడూరు నుండి నెల్లూరు వరకు సాగే ప్రయాణంలో రోగి చెప్పగలిగినది కొద్దిమాటలే కావచ్చు. ఆ మాటలను చెదరకుండా వైద్యుని చేతికి అందించడం చికిత్సలో భాగమే. శాసనంలోని ఒక్క అక్షరం కోసం ఏళ్ల తరబడి చర్చించే శాస్త్రం మనది. ఆ శ్రద్ధలో కొంత ఈ పత్రానికి కూడా దక్కాలి.